సి ప్రోగ్రాములు బట్టీ పట్టినా ల్యాబ్‌లో రావడం లేదు, బేసిక్స్ ఎలా నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీటెక్ మొదటి ఏడాది. రికార్డులో ఉన్న సి ప్రోగ్రాములన్నీ బట్టీ పట్టేశారు, కానీ ల్యాబ్ ఎగ్జామ్‌లో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) కాస్త మార్చి అడిగితే చేతులు ఆడటం లేదు. పాయింటర్లు ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. సీనియర్లేమో సి ఎందుకు, పైథాన్ నేర్చుకో అంటున్నారు.

నేరుగా చెప్తాను. సి వదలకండి, బట్టీ వదిలేయండి. రోజూ ఒక గంట కంప్యూటర్ ముందు, ఇంకో అరగంట కాగితం, పెన్నుతో కూర్చుంటే రెండు మూడు నెలల్లో బేసిక్స్ నిలబడతాయి. ఆ కాగితం మీద చేయాల్సిన పని ఒక్కటే: ప్రోగ్రాములో ఒక్కో లైను నడిచాక ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో రాసుకోవడం. దీన్నే ట్రేస్ చేయడం అంటాం. పాయింటర్లు ఎక్కకపోవడానికీ, ఎక్స్‌టర్నల్ దగ్గర తడబడటానికీ ఈ అలవాటు లేకపోవడమే కారణం.

నేను కొన్నేళ్లు మైక్రోకంట్రోలర్ల మీద సి రాసే ఉద్యోగం చేసి, తర్వాత కాలేజీలో ల్యాబ్ చెప్పడానికి వచ్చాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండు చోట్లా చూసినదే.

ముందు తెలుగు మీడియం సంగతి. 1989లో వచ్చిన సి ప్రమాణంలో ఉన్న కీవర్డులు 32 మాత్రమే. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్, ఇంట్, రిటర్న్ లాంటివి. మొదటి సెమిస్టర్‌లో వాటిలో సగం కూడా వాడరు. ఎంపీసీ చదివి వచ్చినవాళ్లకు కావాల్సిన లెక్క బుర్రలో ఉండే ఉంటుంది. ఇంగ్లిష్ నిజంగా ఇబ్బంది పెట్టేది ఎర్రర్ మెసేజ్‌ల దగ్గర, దాని గురించి కింద చెప్తాను.

ట్రేస్ చేయడం అంటే ఏంటో ఒక ప్రోగ్రాము మీద చూపిస్తాను. అందరి రికార్డులోనూ ఉండే 'రివర్స్ ఆఫ్ ఎ నంబర్' తీసుకోండి. ఎన్ విలువ 472, రెవ్ విలువ 0. లూప్‌లో రెండే పనులు: రెవ్‌ని 10తో గుణించి, ఎన్‌ని 10తో భాగిస్తే వచ్చే శేషాన్ని దానికి కలపాలి. తర్వాత ఎన్‌ని 10తో భాగించాలి. ఎన్ సున్నా అయితే ఆగాలి.

కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి, ఒకటి ఎన్, ఇంకోటి రెవ్. మొదటి చుట్టులో శేషం 2, కాబట్టి రెవ్ 2, ఎన్ 47. రెండో చుట్టులో శేషం 7, రెవ్ 27, ఎన్ 4. మూడో చుట్టులో శేషం 4, రెవ్ 274, ఎన్ 0. లూప్ ఆగింది. చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. అందుకే ఎవరూ చేయరు.

ఇప్పుడు అదే కాగితం మీద 120 వేసి చూడండి. 021 రాదు, 21 వస్తుంది. ఎందుకో మీ వరుసల్లోనే కనిపిస్తుంది. తర్వాత మైనస్ 472 వేయండి. మీ లూప్ షరతు 'ఎన్ సున్నా కంటే పెద్దదైతే' అని ఉంటే లూప్ లోపలికే వెళ్లదు, జవాబు 0 వస్తుంది. 'ఎన్ సున్నా కాకపోతే' అని మార్చండి, మైనస్ 274 వస్తుంది. ఎక్స్‌టర్నల్ మార్చి అడిగేది ఇలాంటివే. పాలిండ్రోమ్ అయినా, అంకెల మొత్తం అయినా, ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్ అయినా ఈ లూపే, లోపలి ఒక లైను మారుతుందంతే. నాలుగు ప్రోగ్రాములు బట్టీ పట్టే బదులు ఒక్కదాన్ని ఇలా పిండేస్తే మిగతా మూడూ అవే వస్తాయి.

ఒకమ్మాయి ఫిబొనాచీ ప్రోగ్రాము కళ్లు మూసుకుని రాసేది. సెమికోలన్ కూడా పోదు. సిరీస్ 0, 1తో కాకుండా 5, 8తో మొదలుపెట్టమంటే "అది సిలబస్‌లో లేదు సార్" అంది. మార్చాల్సింది రెండంకెలే. రెండు వారాలు ల్యాబ్‌లో సిస్టమ్ ముట్టుకోనివ్వకుండా కాగితం మీద ట్రేస్ చేయించాను, బాగా విసుక్కుంది. సెమిస్టర్ చివరికొచ్చేసరికి పక్కవాళ్లు ఆమెను పిలిచి అడిగేవాళ్లు.

ఇంటిజర్ భాగహారం. ఇక్కడ ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది పడతారు. ఆరు సబ్జెక్టుల మార్కుల మొత్తం 455. దాన్ని 6తో భాగించి ఫ్లోట్ (దశాంశాలు పట్టే) వేరియబుల్‌లో పెట్టి ప్రింట్ చేస్తే 75.83 చిల్లర రావాలి కదా. మొత్తం ఇంట్‌గా, అంటే పూర్ణాంకంగా ఉంటే 75.000000 వస్తుంది. భాగించే రెండూ పూర్ణాంకాలైతే సి దశాంశ భాగాన్ని అక్కడికక్కడే పారేస్తుంది, ఆ తర్వాతే ఫ్లోట్‌లో పెడుతుంది. పోయింది పోయినట్టే. 6 బదులు 6.0 అని రాయండి, సరిపోతుంది. ఫారన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాములో 5/9 అని ముందే రాస్తే ఏ ఉష్ణోగ్రత ఇచ్చినా జవాబు సున్నా రావడానికీ కారణం ఇదే.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? మీ ల్యాబ్‌లో నీలం రంగు స్క్రీన్‌తో టర్బో సి ఉండొచ్చు. బోర్లాండ్ కంపెనీ టర్బో సి మొదటి వెర్షన్ తెచ్చింది 1987లో, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం. ఇప్పటి విండోస్‌లో అది నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్ పెట్టి దాంట్లో నడుపుతుంటారు. ల్యాబ్‌లో తప్పదంటే వాడండి, ఇంట్లో మాత్రం జీసీసీ అనే కంపైలర్ (మనం రాసిన సిని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రాము) వాడండి. కోడ్‌బ్లాక్స్ లాంటిది ఇన్‌స్టాల్ చేసుకునేటప్పుడు కంపైలర్‌తో కలిపి వచ్చే ఫైలు ఎంచుకుంటే జీసీసీ దాంతోపాటే వస్తుంది.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, టర్బో సిలో ఇంట్ అంటే 2 బైట్లు. గరిష్ఠ విలువ 32767. అందులో 7 ఫ్యాక్టోరియల్ 5040 సరిగ్గానే వస్తుంది, 8 ఫ్యాక్టోరియల్ 40320 రావాల్సిన చోట మైనస్ 25216 వస్తుంది. జీసీసీలో మామూలుగా ఇంట్ 4 బైట్లు కాబట్టి 12 ఫ్యాక్టోరియల్ దాకా బాగానే ఉంటుంది, 13 దగ్గర హద్దు దాటుతుంది. హద్దు ఎక్కడైనా ఉంటుందని తెలియడం మంచిదే గానీ, 8 దగ్గరే ఆగిపోతే కొత్తవాళ్లు తమ లాజిక్కే తప్పనుకుంటారు. పైగా క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ లాంటివి సి ప్రమాణంలో లేనే లేవు, అవి డాస్ కాలపు కోనియో ఫైలు సరుకు. వాయిడ్ మెయిన్ కూడా అంతే. ఇంట్ మెయిన్ అని రాయడం ఇప్పుడే అలవాటు చేసుకోండి, ల్యాబ్‌లో ఎవరూ మార్కులు కోయరు.

జీసీసీకి మైనస్ గుర్తు, పెద్ద డబ్ల్యూ, పక్కనే 'ఆల్' అని కలిపి ఇచ్చే ఆప్షన్ ఒకటుంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. ఇఫ్ షరతులో రెండు ఈక్వల్ గుర్తులకు బదులు ఒకటే పెట్టారనుకోండి. సి దృష్టిలో అది తప్పు కాదు. పోల్చే బదులు విలువను అందులో పెట్టేస్తుంది. 'ఎ ఈక్వల్ టు 5' అని ఒక్క గుర్తుతో రాస్తే ఆ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. ప్రోగ్రాము నడుస్తుంది, జవాబు తప్పొస్తుంది, మీరు తెల్లవార్లూ వెతుక్కుంటారు. ఆ ఆప్షన్ ఉంటే కంపైలరే ఫలానా లైను దగ్గర వేలు పెట్టి చూపిస్తుంది.

ఎర్రర్ మెసేజ్‌ల విషయంలో ఒక పద్ధతి చెప్తాను. ఇరవై ఎర్రర్లు వచ్చినా మొదటిది ఒక్కటే చదవండి, సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. మిగతావాటిలో చాలావరకు దాని పిల్లలే. 'ఎక్స్‌పెక్టెడ్' అనే మాట కనిపిస్తే అక్కడ ఏదో గుర్తు తగ్గింది. సెమికోలన్ మర్చిపోతే తప్పు పై లైనులో ఉన్నా కింది లైను నంబరు చూపించడం మామూలే, పైకి కూడా ఒక చూపు వేయండి. 'అన్‌డిక్లేర్డ్' అంటే వేరియబుల్‌ని ముందుగా ప్రకటించలేదు, లేదా స్పెల్లింగ్ తేడా. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటే ఆ పేరుతో ఫంక్షన్ ఎక్కడా దొరకలేదని, ప్రింట్‌ఎఫ్‌లో పి పెద్దక్షరం పడినా పాత కంపైలర్లలో ఇదే వస్తుంది, కొత్తవాటిలో 'ఇంప్లిసిట్ డిక్లరేషన్' అని వస్తుంది. ఈ మూడూ తెలిస్తే మొదటి సెమిస్టర్ దాదాపు గడిచిపోతుంది.

కంపైలర్ ఎర్రర్ ఇవ్వకుండా ఏడిపించే తప్పులు వేరే ఉన్నాయి. ఫర్ లూప్ బ్రాకెట్ పక్కనే సెమికోలన్ పెడతారు, 1 నుంచి 10 దాకా రావాల్సిన చోట 11 ఒక్కటే వస్తుంది. ఎందుకో ట్రేస్ చేసి చూడండి, నేను చెప్పను. ఇంకోటి, "సార్, నా సిస్టమ్ పాడైంది, కంటిన్యూ చేయాలా అని అడిగి నేను నొక్కకుండానే ముందుకెళ్లిపోతోంది" అనేది. ప్రతి ఏడాదీ వినే మాట ఇది. సిస్టమ్ బాగానే ఉంటుంది. మీరు 5 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు స్కాన్‌ఎఫ్ ఆ 5ని తీసుకుని ఎంటర్‌ని అక్కడే వదిలేస్తుంది. తర్వాత ఒక అక్షరం చదవమన్న స్కాన్‌ఎఫ్ ఆ మిగిలిన ఎంటర్‌నే అక్షరంగా తీసేసుకుంటుంది. రెండో స్కాన్‌ఎఫ్ కోట్స్‌లో పర్సెంట్ సి ముందు ఒక్క ఖాళీ వదలండి, సమస్య తీరిపోతుంది.

ఇప్పుడు పాయింటర్లు. కొత్తగా ఏదో వస్తుందని భయపడకండి, మొదటి రోజు నుంచీ వాడుతూనే ఉన్నారు. స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు & గుర్తు పెడతారు, ప్రింట్‌ఎఫ్‌లో పెట్టరు. ఎందుకని ఎప్పుడైనా అనుకున్నారా? ప్రింట్‌ఎఫ్‌కి విలువ తెలిస్తే చాలు, చూపించేస్తుంది. స్కాన్‌ఎఫ్ కొత్త విలువను తెచ్చి మీ వేరియబుల్‌లో పెట్టాలి, అందుకే దానికి చోటు తెలియాలి. ఆ చోటు నంబరే అడ్రస్. అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్ పాయింటర్. ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

స్వాప్ ప్రోగ్రాముని కాగితం మీద వేయండి. ఈసారి విలువతో పాటు చోటు నంబరు కూడా రాయాలి. ఎ అనేది 1000వ చోట ఉంది, అందులో 5. బి అనేది 1004వ చోట, అందులో 9. ఈ నంబర్లు మనం అనుకున్నవే, అసలువి చాలా పెద్దవి ఉంటాయి. ముందు పాయింటర్లు లేకుండా స్వాప్ ఫంక్షన్‌ని పిలిచారు. ఫంక్షన్ తనకంటూ ఎక్స్, వై అని రెండు కొత్త చోట్లు తీసుకుంటుంది, 2000లో 5, 2004లో 9. వాటిని తారుమారు చేస్తుంది. ఫంక్షన్ అయిపోగానే ఆ చోట్లు పోతాయి. 1000, 1004ల జోలికి ఎవరూ వెళ్లలేదు, కాబట్టి మెయిన్‌లో ఎ ఇంకా 5, బి ఇంకా 9.

ఇప్పుడు అడ్రస్‌లు పంపారు. ఫంక్షన్‌లో పి అనేది 2000వ చోట, అందులో ఉన్నది 1000. క్యూ అనేది 2008వ చోట, అందులో 1004. 64 బిట్ సిస్టమ్‌లో పాయింటర్‌కి 8 బైట్లు పడతాయి, అందుకే 2008. పి ముందు స్టార్ పెడితే "పిలో ఉన్న నంబరు గల చోటికి వెళ్లు" అని. టెంప్‌లోకి 1000వ చోటున్న 5 వచ్చింది. 1000వ చోటులోకి 1004లోని 9 వెళ్లింది. 1004వ చోటులోకి టెంప్‌లోని 5 వెళ్లింది. మెయిన్‌లోకి తిరిగొచ్చి చూస్తే ఎ 9, బి 5. పి, క్యూ పోయినా మారాల్సినవి మారిపోయాయి. ఈ బొమ్మను చూడకుండా ఒకసారి గీసి, పక్కన ఉన్న ఫ్రెండ్‌కి వివరించగలిగితే పాయింటర్లు మీకు వచ్చినట్టే లెక్క.

చాలామందిని తికమక పెట్టేది స్టార్ గుర్తే. గుణకారానికి అదే, పాయింటర్‌ని ప్రకటించేటప్పుడు అదే, ఆ చోటికి వెళ్లేటప్పుడూ అదే. ఇది సి రూపంలో ఉన్న ఇబ్బందే, మీ తెలివిలో లోపం ఏమీ లేదు. ప్రకటనలో రకం పేరు పక్కన కనిపిస్తే "ఇది పాయింటర్" అని, లైను మధ్యలో ఒంటరిగా పాయింటర్ పేరు ముందు కనిపిస్తే "ఆ చోటికి వెళ్లు" అని చదువుకోండి. పాయింటర్‌కి ఏ అడ్రస్సూ ఇవ్వకుండా స్టార్ పెట్టి విలువ రాస్తే ఏ చోట రాస్తున్నారో ఎవరికీ తెలియదు. లినక్స్‌లో 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఆగిపోవడం చాలాసార్లు ఇందుకే. ఆగకుండా నడిస్తేనే ఇంకా ప్రమాదం.

స్ట్రింగ్స్ మన పేర్లతో నేర్చుకుంటే త్వరగా వస్తాయి. పది అక్షరాల క్యారెక్టర్ అరే తీసుకుని అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో సత్యనారాయణ అని కొట్టండి. అది 13 అక్షరాలు, చివర స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే సున్నా బైటుతో కలిపి 14. పది బైట్ల చోటులో 14 పోస్తే మిగతా నాలుగూ పక్కనున్న వాటి మీద పడతాయి. సి ఆపదు. వెంకట రమణ అని మధ్యలో ఖాళీతో కొడితే స్కాన్‌ఎఫ్ పర్సెంట్ ఎస్ వెంకట దగ్గరే ఆగుతుంది. దానికి విరుగుడుగా రికార్డుల్లో ఇంకా గెట్స్ ఫంక్షన్ రాయిస్తున్నారు. ఎంత పొడవు చదవాలో దానికి తెలియదు, అందుకే 2011 ప్రమాణంలో దాన్ని సి నుంచే తీసేశారు. 1988లో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన మారిస్ వర్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాము) వాడుకున్న దారుల్లో ఒకటి ఒక యునిక్స్ ప్రోగ్రాములోని ఈ గెట్సే. మీరు ఎఫ్‌గెట్స్ వాడండి, దానికి సైజు చెప్పాలి. చివరన ఎంటర్‌ని కూడా తెచ్చుకుంటుంది, దాన్ని మీరే తీసేయాలి.

పరీక్షల్లో "ఐ ప్లస్ ప్లస్, ప్లస్, ప్లస్ ప్లస్ ఐ విలువ ఎంత" లాంటి ప్రశ్నలు వస్తాయి. ఒకే వేరియబుల్‌ని ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో అలా రెండుసార్లు మారిస్తే ఏం జరగాలో సి ప్రమాణం ఏమీ చెప్పలేదు, ఏ కంపైలర్ ఏం ఇచ్చినా తప్పు కాదు. పరీక్షలో మీ సార్ చెప్పిన జవాబు రాసి మార్కులు తెచ్చుకోండి. వీటి కోసం రాత్రులు మేలుకోవద్దు.

నేర్చుకునే వరుస గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీ సిలబస్ వరుస చాలు. ఒక్క మార్పు చేయండి. ఫంక్షన్లు అరేల కంటే ముందే మొదలుపెట్టి, ప్రతి చిన్న ప్రోగ్రామునూ ఒక ఫంక్షన్‌గా విడగొట్టి రాయండి. స్ట్రక్చర్లు, ఫైళ్లు పాయింటర్ల తర్వాత పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. యూనియన్లు, బిట్ ఫీల్డులు పరీక్షకు ముందు చదువుకున్నా చాలు.

పైథాన్ సంగతి. మీ సీనియర్లు అబద్ధం చెప్పలేదు, డేటా మీద పని చేయాలంటే పైథాన్ కావాలి, త్వరగా ఏదో ఒకటి తయారు చేసి చూసుకోవాలన్నా అదే హాయి. కానీ సి మీ సెమిస్టర్‌లో ఉంది, తర్వాత వచ్చే డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ దీని మీదే నిలబడతాయి. డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ పని కోసం తయారు చేసిన భాష ఇది. ఇవాళ్టికీ లినక్స్ కెర్నల్‌లో ఎక్కువ భాగం సిలోనే ఉంది, మనం మామూలుగా డౌన్‌లోడ్ చేసుకునే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కూడా సిలో రాసిందే. వైర్లు, బోర్డులు, సెన్సర్లు మీకు ఇష్టమైతే సి లేకుండా అడుగు పడదు. సి గట్టిపడ్డాక సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే మాత్రం సెమికోలన్ ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో కూడా గందరగోళమే.

ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి, మొదటి ఏడాదిలో చాలామందికి ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ పెట్టుకుంటే దాంట్లో క్లాంగ్ కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఇక్కడ చెప్పినవన్నీ అందులో నడుస్తాయి. ఫోన్ కీబోర్డులో బ్రాకెట్లు, సెమికోలన్ కొట్టడం చిరాకే, ఓటీజీ కేబుల్‌తో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి. బ్రౌజర్‌లో పైథాన్ ట్యూటర్ అనే సైట్ ఉంది, పేరు చూసి వదిలేయకండి, అది సి ప్రోగ్రాముని కూడా లైను లైనుగా నడిపి మెమరీ బొమ్మ గీసి చూపిస్తుంది. ముందు మీరు కాగితం మీద ట్రేస్ చేయండి, తర్వాత దాంట్లో వేసి సరిచూసుకోండి. స్వాప్ దగ్గర మీ బొమ్మ, దాని బొమ్మ కలవకపోతే ఆ కాగితం ఫోటో తీసి ఈ జవాబు కిందే పెట్టండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్తాను.